పన్నెండు రోజుల నిశ్శబ్దం, పదకొండు మినహాయింపులు

1వ తేదీ, ఉదయం 6:00

నేటి నుంచి నా ఫోన్ నోరు మూసుకుంటుంది. ఇది విన్నపం కాదు, తీర్పు.

కారణం: పన్నెండున కాలేజీల డిబేట్ ఫైనల్. అంశం: 'అందుబాటులో ఉండడం బానిసత్వమే.' మాది సమర్థించే పక్షం. మొదటి వక్త స్థానం ఒక్కటి, పోటీదారులం ఇద్దరం. ఒకరు నేను. రెండోవాడు నాకంటే ఒక సంవత్సరం జూనియర్, 'చివరగా'. అసలు పేరు వేరే. ప్రసంగంలో 'చివరగా' అన్నాక మరో పావుగంట మాట్లాడతాడు కనుక కాలేజీ అతనికి ఆ బిరుదు ప్రదానం చేసింది. తొమ్మిదిన సాయంత్రం నాలుగింటికి, జట్టును నడిపే పొలిటికల్ సైన్స్ సార్ మా ఇద్దరినీ విని ఒకరిని ఎంచుకుంటారు.

6:20. డు నాట్ డిస్టర్బ్: ఆన్. వైబ్రేషన్: ఆఫ్. మొబైల్ డేటా: సాయంత్రం ఏడు నుంచి ఏడున్నర వరకే. డిబేట్ గ్రూపు: మ్యూట్. ('చివరగా' రోజుకు నలభై మెసేజులు పెడతాడు, అందులో ముప్పై తొమ్మిది 'గుడ్ మార్నింగ్' స్థాయివి.)

6:21. ఆహా! స్వేచ్ఛ అంటే ఇదీ!

2వ తేదీ, రాత్రి 8:00

ముప్పై ఏడు గంటల నిశ్శబ్దం. చదివినవి: తొంభై పేజీలు. ఖండించినవి: ఎనభై. ఇంత సులభమైన పనిని మానవజాతి ఇన్నాళ్లూ ఎందుకు చేయలేకపోయిందో నాకు బోధపడలేదు. బహుశా క్రమశిక్షణ లేక.

3వ తేదీ, మధ్యాహ్నం 2:00

అమ్మ గదిలోకి వచ్చింది.

"ఆరుసార్లు చేశానే! భోజనం చల్లారిపోయింది."

"పక్క గదిలోంచి ఫోనెందుకమ్మా? పిలవొచ్చుగా?"

"పిలిస్తే వాదిస్తావు. ఫోనైతే 'వస్తున్నా' అని పెట్టేస్తావు."

ప్రజాస్వామ్యవాదిని కనుక ఒక పద్ధతి ఏర్పాటు చేశాను. నా ఫోన్ మోగాలని కోరేవారు స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి. ఒక నిమిషం వాదించాలి. నేను ఖండిస్తాను. నెగ్గితే మినహాయింపుల జాబితాలో చోటు.

అమ్మ వాదన: "సరే, తీయకు. రేపట్నుంచి పొద్దున నేనూ లేపను." మంజూరు.

బామ్మ వాదన: "ఇంకెన్నాళ్లు చేస్తానే నీకు ఫోను?" పూర్తిగా నిరాధారం. ఆవిడ నాకంటే వేగంగా మెట్లెక్కుతుంది. అయినా మంజూరు.

పిన్ని దరఖాస్తే పెట్టుకోలేదు. వెంటవెంటనే రెండుసార్లు చేస్తే ఎంతటి నిశ్శబ్దంలోనైనా ఫోన్ మోగుతుందని కనిపెట్టింది. ఆ కిటుకును తోడికోడళ్లందరికీ పంచింది కూడా. విప్లవాలు లోపలినుంచే కూలుతాయి.

5వ తేదీ, సాయంత్రం 5:10

మినహాయింపులు తొమ్మిదయ్యాయి. ఎవరు చేస్తున్నారో ఫోన్ చూడకుండానే తెలియాలంటే మనిషికో శబ్దం ఉండాలి. (ఇది వ్యసనం కాదు, వర్గీకరణ.) అమ్మకు గుడిగంట. బామ్మకు వేణువు. పిన్నికి అగ్నిమాపక వాహనం. అన్నీ సక్రమంగా మోగుతున్నాయో లేదో పరీక్షించడానికి అందరినీ ఒకసారి ఫోన్ చేయమన్నాను. అందరూ చేశారు. అరగంట చొప్పున మాట్లాడారు.

పట్టిన కాలం: ఆరు గంటలు. చదివినవి: సున్నా. ఖండించినవి: సున్నా.

7వ తేదీ, రాత్రి 7:45

మొబైల్ డేటా ఏడున్నరకు ఆపేశాను. మాట మాటే. వైఫై ఆపలేదు. నిర్ణయంలో 'మొబైల్ డేటా' అని స్పష్టంగా రాసి ఉంది, వైఫై ప్రస్తావన లేదు. చట్టాన్ని దాని అక్షరాలతోనే గౌరవించాలి.

ఈ రోజు ఫోన్ నిజంగా సైలెంట్‌లోనే ఉందా అని ముప్పై ఆరుసార్లు సరిచూశాను. మధ్యలో అమ్మ ఫోన్ తీసుకుని, నా గురించి ఎవరైనా ఏమైనా అడిగారేమో చూశాను.

"నీ ఫోన్ని నిద్రపుచ్చావు సరే, నా ఫోన్ని ఎందుకు లేపుతున్నావే?" అంది అమ్మ. తర్వాత నా జాబితా చదివింది. పదకొండు పేర్లు. కొరియర్ అతను, టైలర్ కూడా ఉన్నారు.

"మరి మీ సార్?"

"దరఖాస్తు పెట్టుకోలేదు."

"పెట్టుకోవాలని ఆయనకి తెలుసా?"

"చట్టం తెలియకపోవడం మినహాయింపుకు ఆధారం కాదమ్మా."

అమ్మ చేతులు జోడించి వెళ్లిపోయింది. ఓటమిని అంత హుందాగా ఒప్పుకున్నవాళ్లను నేను చూడలేదు.

9వ తేదీ, సాయంత్రం 5:00

3:50కి సెమినార్ హాలుకు చేరాను. అటెండర్ కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నాడు.

"పొద్దున పదకొండింటికే అయిపోయిందమ్మా. టీ కూడా అయిపోయింది."

స్టాఫ్ రూమ్. సార్ పేపర్లు దిద్దుతున్నారు.

"సాయంత్రం నాకు మీటింగ్ పడింది. అందుకని పొద్దుటికి మార్చాను. గ్రూపులో పెట్టానమ్మా. నువ్వు రాకపోతే ఫోన్ కూడా చేశాను. మోగలేదా?"

"మోగదు సార్. అది నా సిద్ధాంతం."

"మంచి సిద్ధాంతం." తలెత్తలేదు. "రిజర్వు కుర్చీలో కూర్చుని ఆలోచించు. మొదటి వక్త అతనే."

మ్యూట్‌లో ఉన్న గ్రూపులో పెట్టిన సమాచారం సమాచారమే కాదని నాలుగు కోణాల్లో నిరూపించాను. సార్ నాలుగు పేపర్లు దిద్దారు.

ఈ వాక్యం రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పెన్ను బాగోలేదు.

10వ తేదీ, ఉదయం 9:00

తప్పు నిర్ణయానిది కాదు, అమలుది. ఈ రోజు నుంచి అన్నీ ఆన్. రింగ్, వైబ్రేషన్, వెలుగు, వైఫై, డేటా, బ్లూటూత్. శబ్దం నూటికి నూరు.

ఏడు నుంచి తొమ్మిది దాకా గ్రూపులో నలభై మూడు మెసేజులు పెట్టాను. ఫైనల్ కోసం కట్టుకున్న వాదన మొత్తం, మెట్టుమెట్టుగా. ఏ స్థానం ఎవరికి దక్కాల్సిందో చదివినవాళ్లే తేల్చుకుంటారని. అందరూ చూశారు. జవాబిచ్చినవాడు ఆ 'చివరగా' ఒక్కడే: "చదివానక్కా."

11వ తేదీ, మధ్యాహ్నం 1:00

ఉదయం నుంచి రెండువందల పన్నెండుసార్లు మోగింది. పదకొండుమందికి పదకొండు శబ్దాలు, యాప్‌లకు తలో కూత.

"ఇల్లా, బస్టాండా?" అంది అమ్మ.

బామ్మ వినికిడి మిషను ఆపేసి కిటికీ దగ్గర ప్రశాంతంగా కూర్చుంది. ఈ ఇంట్లో సెట్టింగ్స్ మీద పట్టున్న మనిషి ఆవిడొక్కతే.

12వ తేదీ, రాత్రి 7:00

ఫైనల్. నా స్థానం: మూడో వరుస, నీళ్ల సీసాల పక్కన.

మొదటి వక్తగా మా 'చివరగా' లేచాడు. మైకు సరిచేసుకున్నాడు. తర్వాత అన్నాడు: "పిలిచినవారికి బదులివ్వడం మర్యాద. పిలుస్తారేమోనని కాచుక్కూర్చోవడం బానిసత్వం."

నా పదిహేడో మెసేజ్. హాలు దద్దరిల్లింది. ఆ పైన 'చివరగా' అని ఒక్కసారే అన్నాడు, నిజంగానే ముగించాడు. గెలిచాం.

కప్పు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఇది మీది."

"నేను మాట్లాడలేదు."

"మాటలు మీవే కదా. నలభై మూడూ చదివాను. ఒకదాంట్లో నన్ను గాడిదన్నారు. అదొక్కటీ వాడలేదు."

"నువ్వు ఫోన్ ఏ మోడ్‌లో పెట్టుకుంటావు?"

"మోడా? మోగితే తీస్తానక్కా."

నాలో పదకొండు ఖండనలు లేచాయి. కప్పుకి ఒక పక్క పట్టుకున్నాను. బరువుగానే ఉంది.

సార్ వచ్చారు. "వచ్చే నెల ఇంకో పోటీ ఉంది. మొదటి స్థానం నీకే ఇద్దామనుకుంటున్నాను. రేపు పొద్దున ఫోన్ చేస్తాను, ఖాయం చేసుకుందాం."

13వ తేదీ, ఉదయం 8:00

పాత నిర్ణయాలన్నీ రద్దు. కొత్తది ఒక్కటే, సవరణలకు తావులేనిది: మోగితే తీయాలి.

8:04. వివరణ (సవరణ కాదు): 'మోగితే' అనగా కనీసం మూడుసార్లు మోగితే.

8:09. ఉపవివరణ: పిన్నికి వర్తించదు.

8:15. మరి చేతిలో పని ఉన్నప్పుడు? ఇది తేల్చకుండా వదిలేస్తే మొత్తం నిర్ణయమే బలహీనపడుతుంది.

8:17. మోగుతోంది. సార్. వాక్యం మధ్యలో ఉన్నాను, పూర్తి చేసి తీస్తాను.

8:18. 'చేతిలో పని ఉన్నచో, అది ముగిసిన మరుక్షణమే తీయవలెను.' ఎంత నిర్దుష్టమైన వాక్యం! ఎక్కడా సందు లేదు.

ఫోన్ ఆగిపోయింది.