నోటరీకి వినపడేలా

సెయింట్ జాన్ లోయ,
సెప్టెంబర్ 10, 1986, బుధవారం

ప్రియమైన ఓనిల్,

ఇక్కడ నేనూ, కుక్కా, కోళ్ళూ కులాసా. అక్కడ నీ తుంటి ఎముక కూడా కులాసాగా అతుక్కుంటోందనీ, చేతికర్రతో వరండా చివరిదాకా నడిచావనీ రాశావు, సంతోషం. నర్సు మీద అరవడం మాత్రం తగ్గించు. ఫోను చెయ్యకుండా ఇంత పొడుగు ఉత్తరం ఎందుకని అడుగుతావేమో. ఫోనులో నీకు సగం వినపడదు, మిగతా సగం మీ వార్డంతా వింటుంది. పైగా ఈసారి చెప్పాల్సింది నువ్వు మధ్యలో అడ్డం రాకుండా చెప్పాలి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. ఎలుగు ఎరలో కలిపే మొలాసిస్ పాకం డబ్బాలు ఇంకా రెండున్నాయి. బేకరీవాళ్ళు పాచిపోయిన డోనట్లు సంచులకొద్దీ ఇస్తూనే ఉన్నారు. సోంపు నూనె గుడ్డ నువ్వు చెప్పినంత ఎత్తులోనే కట్టాను, గాలికి వాసన ఏరు అవతలిదాకా పోతోంది. వాడిన వంటనూనె ఎర పీపా ముందర నేల మీద పోశాను. ఎలుగు పాదాలకు అంటుకుంటే అది నడిచిన దారల్లా ఇంకోదానికి కబురు పెట్టినట్టే కదా. బట్టలు సబ్బుతో కాదు, సోడాతోనే ఉతుకుతున్నాను. నలభై ఏళ్ళు నీతో కాపురం చేసి ఆ మాత్రం తెలియకుండా ఉంటానా?

ఇంకో ప్రశ్న కూడా అడిగావు. అడవి లోపలికి ఒక్కదానివే వెళ్తున్నావా, ఎవరైనా తోడున్నారా అని రెండు ఉత్తరాల్లోనూ రాశావు. రెండుసార్లూ నేను జవాబు ఎగ్గొట్టాను. తోడున్నాడు. మీ తమ్ముడు క్లోవిస్.

ఉత్తరం నలిపి పారెయ్యకు. వాడి పేరు నాలుగేళ్ళుగా మనింట్లో పలకకూడదని నాకు తెలుసు. చర్చి హాల్లో కోడి పులుసు భోజనాలనాడు, ఊరంతా తింటూ ఉండగా, నువ్వు లేచి నిలబడి అన్నమాట నాకు గుర్తుంది. "సొంత అన్న పెట్టిన ఎర దగ్గర దొంగచాటుగా మంచె ఎక్కి కూర్చునేవాడు నా తమ్ముడు కాడు," అన్నావు. వాడు పళ్ళెం కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆదివారం నుంచీ పక్క ఊరి చర్చికే పోతున్నాడు. అన్నీ తెలిసే వాణ్ణి పిలిచాను. ఎందుకు పిలవాల్సి వచ్చిందో చదివి, ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి.

నోటరీగారి సంగతి చెప్తాను. కాగితం రెండుసార్లు చదవందే సంతకం పెట్టడని ఆ ఎలుగుకు పేరు పెట్టింది నువ్వే. పేరు ఊరికే పోలేదు. దేవదారు చెట్ల మధ్య మన పీపా దగ్గరికి ఆయన నాలుగేళ్ళుగా అర్ధరాత్రి దాటాకే వస్తున్నాడు, మనం మంచె దిగి ఇంటికి పోయి పడుకున్నాక. పీపా మూతికి అడ్డం పెట్టిన దుంగ కదిలితే ఆగిపోయేలా నువ్వు దారం కట్టిపెట్టిన గడియారం, ఆగస్టు మొదట్లో నేను చూసినప్పుడు కూడా రెండుంపావుకే ఆగి ఉంది.

పిల్లిలా వెళ్ళి పిల్లిలా రమ్మని చెప్పి పంపావు. ఒక వారం అలాగే వెళ్ళాను. రెండో వారానికి నా మోకాళ్ళు ఆ నడకకు ఒప్పుకోలేదు. బకెట్టు మోస్తూ గట్టిగా మూలిగాను, దాన్ని పీపాకేసి బాదాను, అటక మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నందుకు నిన్ను నాలుగు తిట్లు తిట్టాను, తిరిగొచ్చి ట్రక్కు తలుపు ధడాలున వేశాను. మర్నాడు చూస్తే గడియారం రాత్రి తొమ్మిదికే ఆగి ఉంది.

అప్పుడు నాకు వెలిగింది ఓనిల్. చప్పుడు లేకుండా వచ్చిన మనిషి ఎప్పుడు వెళ్ళాడో ఆయనకు తెలియదు. వెళ్ళినట్టు తెలియకపోతే ఇంకా అక్కడే ఉన్నట్టు లెక్క. గోల చేసుకుంటూ వచ్చి, గోల చేసుకుంటూ పోయే మనిషైతే పోయినట్టు రూఢి అవుతుంది. అప్పట్నుంచి రోజూ పదకొండింటికి అవే బూట్లు, అదే కోటు, అదే గోల. పది రోజుల్లో గడియారం సాయంత్రం అయిదుకు జరిగింది, ఆ తర్వాత పట్టపగలు పన్నెండుకు. నా ట్రక్కు శబ్దం దూరమైన అరగంటకు నోటరీగారు భోజనానికి కూర్చుంటున్నారన్నమాట. ఇన్నేళ్ళ నీ పిల్లి నడక తలుచుకుంటే నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది.

ఆగస్టు చివర్లో హాలోవెల్‌గారు వచ్చారు. ఆయన తొమ్మిదేళ్ళుగా ఈ ఒక్క ఎలుగు కోసమే కనెక్టికట్ నుంచి వేటకు వస్తున్నారనీ, నువ్వు ఆస్పత్రిలో ఉన్నావు గనక ఈ ఏడాది రావద్దని రాసెయ్యమనీ అన్నావు. నేను రమ్మనే రాశాను, ఆ తప్పు ఒప్పుకుంటున్నాను. ఆయన్ని తీసుకెళ్ళి మంచె ఎక్కించి, నా మామూలు గోలతో నేను తిరిగొచ్చేశాను. చీకటి పడేదాకా కూర్చున్నా ఎలుగు రాలేదు. ఆయన దిగి వచ్చేశాక వచ్చి తినిపోయింది. మూడు రోజులు ఇదే వరస. మూడోరోజు ఆయన నీరసంగా బూట్లు విప్పుకుంటూ, ఆ ఎలుగుకు లెక్కలొచ్చేమో మేడమ్ అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. రోజూ ఒక మనిషి అడుగులు వస్తున్నాయి, ఒక మనిషి అడుగులు పోతున్నాయి. ఆ మూడు రోజులూ ఇద్దరివి వచ్చాయి, ఒకరివే పోయాయి. ఏం చెయ్యాలో నాకు తోచలేదు. నోటరీ పోకడ నీ తర్వాత తెలిసినవాడు ఈ లోయ మొత్తం మీద ఒక్కడే. నువ్వూ వాడూ కలిసి ఇరవై ఏళ్ళు ఎరలు పెట్టారు. అందుకని వాడి బంగాళాదుంపల చేలోకి వెళ్ళాను.

క్లోవిస్ ట్రాక్టరు దిగలేదు, ఇంజనూ ఆపలేదు. నేను కింద నిలబడి అరిచి చెప్పాల్సి వచ్చింది. మొత్తం విన్నాక అప్పుడు ఆపాడు.

"దానికి లెక్కలు రావు వదినా," అన్నాడు. "రోజూ ఒక్కళ్ళ చప్పుడు విన్నదానికి రెండో మనిషి కొత్త. ఆ కొత్తని పాత చెయ్యాలి. వారం రోజులు ఇద్దరు మాట్లాడుకుంటూ పోవాలి, ఇద్దరూ మాట్లాడుకుంటూ రావాలి. ఆ తర్వాత మధ్యలో మూడోవాణ్ణి కలిపేస్తే, తిరిగొచ్చే మాటలు మాత్రం ఆ ఇద్దరివే."

ఆ రెండో మనిషి నువ్వే కావాలన్నాను. వచ్చేది ఎలుగు కోసమే, అన్న కోసం కాదని చెప్పి, "అయినా ఏం మాట్లాడుకుంటాం మనం?" అన్నాడు.

నిజమే. మొదటి రోజు వాన గురించి మాట్లాడుకున్నాం, అది దారిలో ఏటి వంతెన దగ్గరికే అయిపోయింది. రెండోరోజు దుంపల తెగులు. మూడోరోజు ఎవరి మోకాళ్ళు ఎక్కువ నొప్పో తేల్చుకున్నాం, వాడే గెలిచాడు. నాలుగోరోజు పెనం మీద పోసే ప్లాయ్ రొట్టెల పిండి ఎంత పల్చగా ఉండాలన్నదాని మీద నిజంగానే పోట్లాడుకున్నాం, వాళ్ళావిడ గంజిలా కలుపుతుంది, అవి రొట్టెలా? అయిదోరోజు వాడి కూతురి పెళ్ళి సంగతి చెప్పాడు, మనం వెళ్ళనిది. ఆరోరోజు సంగతి ఆఖర్న చెప్తాను. ఏడోరోజు పాటలు పాడుకున్నాం. రోజూ గడియారం మాత్రం పన్నెండు దాటకుండా ఆగుతూనే ఉంది.

మొన్న శనివారం ముగ్గురం వెళ్ళాం. క్లోవిస్ ముందు, హాలోవెల్‌గారు మధ్య, వెనక నేను. ఆయనకు క్లోవిస్ కొట్టంలో వేసుకునే పాత కోటు తొడిగాం. నేను బకెట్టు పీపాకేసి బాదుతున్నంతసేపట్లో ఆయన మంచె ఎక్కేశాడు. మేమిద్దరం మళ్ళీ రొట్టెల పోట్లాట మొదలుపెట్టి తిరిగొచ్చి, ట్రక్కు తలుపులు రెండూ ధడాలున వేసి, వంతెన దాకా పోయి ఆగాం. నలభై నిమిషాలకు తుపాకీ మోగింది, ఒక్కసారే.

పీపాకు ఇరవై అడుగుల దూరంలో పడి ఉన్నాడు. వేట నమోదు చేయించడానికి తీసుకెళ్తే నాలుగొందల పది పౌన్లు తూగాడు. కోరలు మొదళ్ళదాకా అరిగిపోయాయి. ఇంకో చలికాలం కష్టమేనన్నాడు క్లోవిస్. హాలోవెల్‌గారు టోపీ తీశాడు, తర్వాత నా చెయ్యి పట్టుకుని ఊపుతూ నీ పేరు మూడుసార్లు తలుచుకున్నాడు. చర్మం ఆయన తీసుకెళ్ళాడు, మాంసం సగం మనకు వదిలాడు, సీసాల్లో పెట్టేశాను. కొవ్వు కరిగిస్తే ఆరు సీసాలైంది. నాకు బాధ కూడా వేసింది, నవ్వకు. మా మాటలు విని, వీళ్ళు వెళ్ళిపోయారులే అని నమ్మి వచ్చాడు కదా.

ఇక ఆరోరోజు. కుర్చీలో సరిగ్గా కూర్చుని చదువు.

నాలుగేళ్ళ కిందటి వేసవిలో అత్తయ్య మన వెనక గదిలో మంచాన పడి ఉంది. గురువారాలు మా చెల్లెలు వచ్చి ఆవిడ దగ్గర కూర్చునేది, నువ్వు మిల్లులో ఉండేవాడివి. నేను బజారుకని చెప్పి వెళ్ళేదాన్ని. బజారుకు కాదు. మొదటిసారి నువ్వు మంచె మీద మరిచిపోయిన చేతితొడుగులు తెద్దామనే వెళ్ళాను. ఎక్కాను, కూర్చున్నాను. రెండు గంటలసేపు జెర్మేన్ అని ఎవరూ పిలవలేదు. నీళ్ళు కావాలనలేదు, చొక్కా ఎక్కడుందనలేదు. దిగబుద్ధి కాలేదు. ఆ తర్వాత ప్రతి గురువారం వెళ్ళాను, వేసవంతా. ఒక తల్లి ఎలుగు మూడు పిల్లల్ని తీసుకొచ్చేది, చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు నాలుగు గంటలకు, మంచి ఎండలో, నోటరీ వచ్చాడు. ముక్కు పైకెత్తి గాలి పీల్చాడు, తిన్నగా నా వైపు చూశాడు, వెనక్కి తిరిగిపోయాడు. ఆ రోజు నుంచి ఆయన పగలు రావడం మానేశాడు.

మంచె పలక మీద ఎవరో కూర్చున్న అరుగుదల కనిపెట్టావే, అది నాది. నిచ్చెన కింద నలిగిన నాచు నా కాళ్ళకింద నలిగింది. ఆ చోటు తెలిసినవాళ్ళు మీ ఇద్దరేనని నువ్వు క్లోవిస్ మీద పడ్డావు. నేను నీకు లెక్కలోకే రాలేదు. వాడు ఆ వేసవంతా అటువైపు అడుగే పెట్టలేదు.

మొదట నవ్వుతావని చెప్పలేదు. తర్వాత నువ్వు కోపంతో ఊగిపోతుంటే భయమేసి చెప్పలేదు. చర్చి హాల్లో నేను నీ పక్కనే కూర్చున్నాను ఓనిల్. చెంచా పట్టుకుని పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాను, అంతే. ఆ తర్వాతి ఫిబ్రవరిలో అత్తయ్య శవపేటికకు నువ్వు ఈ పక్కా వాడు ఆ పక్కా నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోతే, మధ్యలో నిలబడి ఏడ్చాను. అందరూ ఆవిడ కోసమనుకున్నారు. సిగ్గుతో ఏడ్చాను.

ఆరోరోజు మాట్లాడ్డానికి మాకు ఏమీ మిగల్లేదు. నేను పీపాలో డోనట్లు ఒంపుతూ, నోటరీకి కూడా వినపడేంత గట్టిగా, మొత్తం చెప్పేశాను. క్లోవిస్ కొయ్యబారిపోయాడు. నాకు చచ్చేంత భయం, అయినా వారం శ్రమ పాడవుతుందని, "ఏదో ఒకటి మాట్లాడు క్లోవిస్, ఊరుకుంటే ఆయనకు అనుమానం వస్తుంది," అన్నాను. వాడు నోరు తెరిచి, బంగాళాదుంపల రకాలు ఒక్కొక్కటే గట్టిగా చెప్పుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. కెనెబెక్, కటాడిన్, గ్రీన్ మౌంటెన్. ట్రక్కు దాకా అలాగే వచ్చాడు.

లోపల కూర్చుని, తలుపు వేశాక అన్నాడు: "అమ్మ పోయేముందు నేను మీ గడప తొక్కలేదు వదినా."

అన్నకు నువ్వే చెప్పాలి, నేను చెప్తే నమ్మడు అని మాత్రం అన్నాడు. క్షమించానని అనలేదు, నేను అడగనూ లేదు. మర్నాడు పదిన్నరకు మాత్రం వచ్చి మన వాకిట్లో నిలబడ్డాడు.

నా మీద నీకు ఎంత కోపమున్నా ఇంటికొచ్చి తీర్చుకో, ఎదురుగా కూర్చుంటాను. కానీ వాణ్ణి అందరి ముందూ అన్నావు, అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. ఈ నెలాఖరు ఆదివారం చర్చి హాల్లో భోజనాలున్నాయి. ముందు నేనే లేచి నేను చేసింది చెప్తాను. ఆ తర్వాత నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు.

ఇరవయ్యో తేదీ శనివారం నిన్ను పంపిస్తారని డాక్టరు రాశాడు. ఆస్పత్రికి నేను రావడం లేదు. నేనుంటే దారంతా మీరిద్దరూ నాతోనే మాట్లాడతారు. క్లోవిస్ తన ట్రక్కు తీసుకుని వస్తాడు. నిన్న దుప్పట్లూ దిండ్లూ సర్దిపెడుతుంటే, నాలుగు గంటల ప్రయాణం, దారిపొడుగునా మీ అన్న నిన్ను తిడుతూ కూర్చుంటే ఏం చేస్తావని వాణ్ణి అడిగాను.

"తిట్టనీ వదినా," అన్నాడు. "అన్న గొంతు విని నాలుగేళ్ళయింది."

ఇట్లు,
నీ భార్య
జెర్మేన్