మూడోసారికి లాగెయ్యాలి

అక్కకి,

నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ కులాసా అని నీ ఉత్తరం అంటోంది గానీ, నీ చేతిరాత మాత్రం ఆ మాట అనడం లేదు. అక్షరాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి. ఆస్పత్రిలో మళ్ళీ రెండు డ్యూటీలు కలిపి చేస్తున్నావా? నర్సుల్ని పిండేసే ఆ పెద్దమనుషుల మీద కరపత్రం రాస్తానంటే వద్దంటావు. సరే, నీ ఉద్యోగం, నీ ఇష్టం. నోరు మూసుకున్నాను. ఎంతసేపు మూసుకుంటానో నీకు తెలియంది కాదు.

నువ్వడిగిన వాటికి జవాబులు. భోజనం వేళకి చేస్తున్నాను. దగ్గు తగ్గింది. మీ గది కిటికీ గడియ బిగించాను, జల్లు లోపలికి రావడం లేదు. మెకానిక్కు షెడ్డు ఓనరుతో నేను గొడవ పెట్టుకోలేదు. ఆయన పెట్టుకున్నాడు, నేను పూర్తిచేశాను.

"కారు అమ్మేశావా?" అనడిగావు. లేదక్కా. బాగుచేశాను. "అది నా కంటపడకూడదు" అన్నావని గుర్తుంది, అయినా చేశాను. ఉత్తరం అడుగున ఇంకొక ప్రశ్న రాసి, కొట్టేసి, మళ్ళీ రాశావు. దాని దగ్గరికి వస్తాను. కారు సంగతి చెప్పకుండా దాన్ని చెప్పలేను, కొంచెం ఓపిక పట్టు.

బావ కారు పోయిన ఏడాది నుంచే ఆయాసపడుతోంది కదా. నిండా చార్జింగ్ పెట్టినా ఊరి చివరి వంతెన దాటేసరికి ఎర్రదీపం. కంపెనీ సర్వీసు సెంటరుకి తోసుకెళ్ళాను. ఇస్త్రీ చొక్కా ఆయనొకడు వైరు తగిలించి, తెర చూసి, తల అడ్డంగా ఊపాడు.

"బ్యాటరీ ప్యాక్ పోయిందండీ. కొత్తది వేయించుకోండి. లేదంటే బండి మార్చేసుకోండి."

"మూత తీసి చూశారా?"

"తియ్యకూడదండీ. సీలుంటుంది."

"చూడకుండానే పోయిందని ఎట్లా చెప్పారు? మీరు మెకానిక్కులా, సోది చెప్పేవాళ్ళా?"

"గట్టిగా అరవకండి సార్, కస్టమర్లున్నారు."

"మరి నేనెవర్ని? దొంగనా?"

ఆ తర్వాత ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు నాకు గేటు దాకా తోడొచ్చారు. నా మంచం తలవైపు అంటించిన కరపత్రం నువ్వు చూశావు. "మూత తెరిచే హక్కు లేని వస్తువు నీది కాదు, నువ్వే దానిది" అని ఉంటుంది. బావ అది చదివినప్పుడల్లా నవ్వేవాడు. "హక్కు సంగతి సరే గానీ ఉద్యమం, ముందు గ్లౌజులు తొడుక్కో" అనేవాడు. నన్ను పేరుపెట్టి పిలిచింది నాకు గుర్తే లేదు. ఎప్పుడూ ఉద్యమమే.

ప్యాక్ మనమే మారుద్దామని బావా నేనూ ఎప్పుడో అనుకున్నదే. పాత బండ్లు విరగ్గొట్టేచోట అదే రకం కారు దొరికింది, ముందు భాగం నుజ్జయింది గానీ ప్యాక్ దెబ్బతినలేదు. తెచ్చి కొలిస్తే లోపలి బ్యాటరీ గడుల్లో రెండు మాత్రం నీరసంగా ఉన్నాయి. మన పాత ప్యాక్‌లోంచి మంచివి రెండు తీసి వాటి స్థానంలో బిగిస్తే సరిపోతుంది. చెప్పడానికి తేలికే. కానీ కారుకి కరెంటు తెంపే సర్వీసు ప్లగ్ బయట పీకినంత మాత్రాన ప్యాక్ పెట్టె లోపల కరెంటు చావదక్కా. కారు నిద్రపోతుంది, పెట్టె మేలుకునే ఉంటుంది. మూత తీశాక ప్రతి బోల్టూ ప్రాణంతోనే ఉన్నట్టు.

నువ్వు షెడ్డు లోపలికి ఎప్పుడూ రాలేదు కాబట్టి బావ పెట్టిన పద్ధతి చెబుతాను. మూత తీసిన పెట్టె దగ్గర ఒక్కడే ఉండకూడదు. పనిచేసేవాడి నడుముకి గట్టి గుడ్డ పట్టీ. వాడి వెనక రెండు బారల దూరంలో నేలమీద పసుపు గీత. ఆ గీత మీద రెండో మనిషి పొడవాటి కర్ర కొక్కెం పట్టుకుని నిలబడాలి. వేరే పనేదీ చెయ్యకూడదు. బోల్టు బోల్టుకీ "ఉన్నావా?" అని అడగాలి. పనిచేసేవాడు "ఉన్నా" అనాలి. కరెంటు పట్టుకున్నవాడు అరవలేడు, కదల్లేడు, అందుకని అడుగుతూ ఉండాలి. పలక్కపోతే మళ్ళీ అడగాలి. మూడోసారికి కూడా పలక్కపోతే ఇంక ఆలోచించకూడదు, పట్టీకి కొక్కెం తగిలించి లాగెయ్యాలి.

పోయిన ఆదివారం పని మొదలుపెట్టాను. షెడ్డుకి సెలవు. పట్టపగలు, రేకుల సందుల్లోంచి ఎండ కడ్డీలు కడ్డీలుగా నేలమీద పడుతోంది. మన కారు పెట్టెని చక్రాల బల్ల మీదికి దించి, తలుపు లోపల గడియ వేసుకుని, పట్టీ కట్టుకుని, మూత తీశాను. పసుపు గీత మీద ఎవరూ లేరు. అవును, ఒక్కణ్ణే చేశాను. తిట్టు, పడతాను.

మొదటి గడి తీస్తున్నాను. మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోది మొరాయించింది. పళ్ళు బిగించి తిప్పుతున్నాను.

"ఉన్నావా?"

"ఉన్నా" అన్నాను.

అలవాటక్కా. మూడేళ్ళు విన్నాను, మూడేళ్ళు పలికాను. బోల్టు వచ్చింది, దాన్ని డబ్బాలో వేశాను. అది టంగుమన్నాక గానీ నా చెవికి తట్టలేదు, నన్నెవరు అడిగారని.

వెనక్కి తిరిగాను. గీత మీద ఎండ. అంతే. పక్క షెడ్డులో బండ్లకి రంగులేసే రంగులాయన రేడియో కూడా లేదు, ఆదివారం కదా. నేను దయ్యాల్ని నమ్మనని నీకు తెలుసు. మూఢనమ్మకాల మీద నేను రాసిన ఎనిమిది పేజీలు నువ్వే తప్పులు దిద్దావు. ఆకలికి చెవులు కూస్తున్నాయనుకున్నాను. మంచినీళ్ళు తాగి మళ్ళీ వంగాను.

"ఉన్నావా?"

మామూలు గొంతు. కొంచెం విసుగు కలిసినది, పనిమధ్యలో ఉన్నవాడి గొంతు. ఈసారి పలకలేదు. ఆ గొంతు మళ్ళీ అడిగినా పలకలేదు. పలికితే అక్కడ మనిషి ఉన్నాడని ఒప్పుకున్నట్టేననిపించింది. పంతానికి పోయి, పెట్టె లోపల కరెంటు పారే రాగి పట్టీ మీదికి ఎడమచెయ్యి చాచాను.

"ఉన్నావా?"

నడుం దగ్గర పట్టీ కడుపులోకి కోసుకుపోయింది. వెల్లకిలా పడ్డాను, పడి జారాను. కళ్ళు తెరిచేసరికి నా తల పసుపు గీత మీద ఉంది. బల్ల రెండు బారల దూరంలో ఉంది. స్పానరు ఇంకా దాని అంచు మీద ఊగుతోంది.

చాలాసేపటికి లేచాను. ఎడమ గ్లౌజు తీసి, గాలి ఊది, దాని మూతి మెలిపెట్టి చెంప దగ్గర పెట్టుకున్నాను. పని మొదలెట్టేముందు రెండు గ్లౌజులకీ చెయ్యాల్సిన పరీక్ష అది. కుడిదానికి చేశాను, ఎడమది మర్చిపోయాను. చెంపకి సన్నగా గాలి తగిలింది. బొటనవేలి మొదట్లో సూదిమొన అంత చిల్లు.

కొక్కెం నా తల పక్కనే నేలమీద ఉంది. బావ పోయిన రోజు నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, గోడకే వేలాడుతూ ఉండేది. మందంగా దుమ్ము పట్టింది. ఇప్పుడా దుమ్ములో రెండుచోట్ల పిడికిళ్ళు పట్టినంత మేర శుభ్రంగా ఉంది. ఆ రెండిటి మీదా నా చేతులు పెట్టి చూశాను. అందలేదక్కా. అంత ఎడంగా పట్టుకునేంత పొడుగు చేతులు నాకు లేవు.

ఇప్పుడు నీ ప్రశ్న. "మీ బావ ఎప్పుడూ ఒంటరిగా చెయ్యడు, ఆ రోజు ఎందుకు చేశాడురా?" అని అడిగావు. ఆయన ఫోటో ట్రంకుపెట్టెలో బోర్లా పెట్టాననీ, నన్ను తలుచుకోకుండా అంత నిర్లక్ష్యంగా పోయిన మనిషి మొహం చూడలేననీ రాశావు. ఆ వాక్యం చదివి మూడు రోజులు షెడ్డుకి వెళ్ళలేదు.

బావ ఒంటరిగా చెయ్యలేదక్కా. గీత మీద నేనున్నాను.

కొక్కెం నా చేతిలోనే ఉంది. సగం పనయ్యేసరికి గేటు దగ్గర ఓనరు నా పోస్టరు చింపుతున్న చప్పుడు వినిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒక్క నిమిషం బావా" అన్నాను. బావ తలెత్తకుండానే "నిమిషమేరా ఉద్యమం" అన్నాడు. కొక్కెం గోడకి తగిలించి పరిగెత్తాను. ఒక్క నిమిషం కాదు, చాలాసేపు అరుచుకున్నాం. ఆ పోస్టరు మీద ఏముందో తెలుసా? "కార్మికుణ్ణి ఒంటరిగా పనిలోకి దింపకండి."

తిరిగొచ్చేసరికి బావ పెట్టె మీద వాలి ఉన్నాడు. అలసిపోయి వాలాడనుకున్నాను.

విచారణకి వచ్చిన అధికారి అడిగితే, "బావే నన్ను పంపేశాడు, ఒక్కణ్ణే చేసుకుంటానన్నాడు" అని చెప్పాను. అందరి ముందూ నిలబడి నిజం మాట్లాడమని కరపత్రాలు పంచిన నోటితోనే చెప్పాను. వాళ్ళు స్వయంకృతం అని రాసుకున్నారు. నువ్వు నమ్మావు. రంగులాయన ఒక్కడే తర్వాత నన్ను పక్కకి పిలిచాడు. "ఆ రోజు మీ బావ లోపల్నుంచి నిన్ను పిలిచాడయ్యా. 'ఒరేయ్, అడగవేంట్రా?' అన్నాడు. నువ్వు ఏం అడగాలి?" అన్నాడు. తెలీదన్నాను.

అందుకే ఆదివారం ఎవర్నీ తోడు పిలవలేదు. నా వెనక నిలబడమని ఇంకొకర్ని అడిగే మొహం నాకు లేదు. అయినా బావ వచ్చి నిలబడ్డాడు. నేను వదిలేసిన చోటే నిలబడ్డాడు.

నిన్న అధికారికి ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాను. కాపీ దీంతో జతచేశాను. నాకు ఏం పడితే అది పడనీ. కారు పరిగెడుతోంది, వంతెన దాటి అవతలి కొండదాకా వెళ్ళొచ్చింది. తాళాలు పార్సిల్లో పంపుతున్నాను. ఉంచుకుంటావో అమ్ముకుంటావో నీ ఇష్టం. ఆ ఫోటో మాత్రం తిప్పి పెట్టక్కా. ఆయన నిన్ను తలుచుకోకుండా పోలేదు. నీ దగ్గరికి తిరిగి రావాలనే, నన్ను అడగమని అడిగి పోయాడు.

ఇంకొక్కటి ఉంది. ఈ ఉత్తరం మొదలుపెట్టేముందు ఇవాళ మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళాను. గడులన్నీ తీసేసిన మన పాత పెట్టె ఖాళీగా బల్ల మీద ఉంది. కొక్కెం తీసుకుని పసుపు గీత మీద నిలబడ్డాను. ఆ రోజు నేను అడగాల్సింది అడిగాను.

"ఉన్నావా?"

జవాబు లేదు. మళ్ళీ అడిగాను. రేకులు ఎండకి చిటపటమన్నాయి, అంతే. మూడోసారి గొంతు పగిలేలా అరిచాను. పలకలేదు.

పద్ధతి ప్రకారం ఆలోచించకూడదు కదా. కొక్కెం ముందుకు చాచి, ఏమీ లేని చోట తగిలించి లాగాను.

బరువుగా వచ్చిందక్కా.

ఇట్లు,
ఇకనుంచి గీత దాటని
నీ తమ్ముడు