ప్రాగ్‌లో పెళ్ళి, అమ్మ చేతి ధార

ప్రాగ్ నగరం,
ఆదివారం మధ్యాహ్నం.

చింతామణి బజారులో బెల్లానికీ బియ్యానికీ ధర నిర్ణయించే మహారాణి, మా అమ్మగారి సముఖానికి, రెండో కూతురు లలిత సాష్టాంగపడబోయి, ఒకదాని మీద ఒకటి వేసుకున్న స్వెట్టర్ల వల్ల వంగలేక, నిలబడే చేసుకుంటున్న నమస్కారాలు.

నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అక్క, బావ, పాప కులాసానా? పెదనాయన బీపీ మాత్రలు వేసుకుంటున్నాడా? నా పుణ్యాన ఈ నెల ఆయనకు మాత్రలు ఎక్కువే పట్టి ఉంటాయి.

ఫోన్‌లో చెప్పకుండా ఉత్తరమెందుకంటే, మన ఫోన్ అంగడిలో ఉంది, దాని పక్కనే పెదనాయన ఉంటాడు. నేను మాట్లాడేది నీతో, జవాబు చెప్పేది ఆయన.

ఇక్కడ చలి చలిలాగే ఉంది. ఆఫీసులో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. చిన్నప్పుడు ఇదే పని ఇంట్లో ఊరికే చేస్తే తిట్టేవాళ్ళు, ఇప్పుడు జీతమిస్తున్నారు. తిండికి లోటు లేదు, రుచికే లోటు. రాగిపిండి అడుగంటింది. ముద్ద కట్టిన రోజు మధు పిలవకుండానే వచ్చేస్తాడు. మీరంతా చూసి ఒప్పుకున్న బాగేపల్లి పెళ్ళికొడుకు, ఇదే ఆఫీసువాడు, నాకన్నా ఒక ముద్ద ఎక్కువే తింటాడు. ఆదివారాలు మాత్రం పెందలాడే చీకటి పడుతుంది. అప్పుడు ఇల్లు గుర్తొస్తుంది. దాని గురించి ఎక్కువ రాయను.

ఇక పెళ్ళి సంగతి. నది ఒడ్డున ఒక పాత రాతి భవనం మాట్లాడుకున్నాము. మన పాళెగాళ్ళ తాతలు పుట్టకముందే కట్టారట. ఏర్పాట్లు చూసే ఆవిడ పేరు హానా. మామిడాకులు దొరకవంటే క్రిస్మస్ చెట్టు రెమ్మలతో తోరణం కడతానంది. లోపల మంట వేయకూడదు కాబట్టి హోమం పైకప్పు లేని నడివాకిట్లో. వానొస్తే గొడుగు పట్టిస్తుందట, హోమానికి, మాకు కాదు.

ఊర్లో ఏమంటున్నారో నాకు తెలుసు. చింతామణిలో కల్యాణ మండపాలు కరువైనాయా, కోటలు చూసేసరికి కండ్లు నెత్తికెక్కినాయి అంటున్నారు. అననీ. సెలవు దొరకలేదని అందరికీ చెప్పాను, అది అబద్ధం. సెలవుంది. అసలు కారణం నీకొక్కదానికే రాస్తున్నాను.

అక్క పెళ్ళి నాయన పోయిన మరుసటేడు జరిగింది. సామాన్ల గది తాళాలు నీ నడుముకు కట్టారు. గట్టిమేళం మోగగానే నేను పరుగెత్తుకొచ్చాను.

"అమ్మా, రా! తాళి కడతాండారు!"

"నువ్వు పోవే, అక్షింతలు వెయ్యిపో. నాకు ఈడ పని ఉండాది."

ఆ నిమిషంలో అక్కడ ఏ పనీ లేదమ్మా. వంటవాళ్ళు కూడా తాళి చూడటానికి బయటికి వెళ్ళిపోయారు. అంతకుముందు, కొబ్బరికాయ పట్టుకున్న అక్క చేతుల మీద కన్యాదానపు ధార పోసింది పెదనాయన, పెద్దమ్మ. మొగుడు పోయిన ఆడమనిషి బెల్లం తూచి ఇవ్వడానికి పనికొస్తుంది, కన్న కూతురి చేతుల మీద నీళ్ళు పోయడానికి పనికిరాదు.

పోయిన వారం పెదనాయన ఫోన్‌లో ఏమన్నాడో నువ్వూ విన్నావు.

"పెండ్లి యాడన్నా చేసుకో పాపా. మేమూ వస్తాము. ధార పోసేది మాత్రం నేనూ మీ పెద్దమ్మా."

"ధార అమ్మ పోస్తాది పెదనాయనా."

"అట్ల చేస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురికీ మనం టికెట్లు తీయలేదు కదా."

అప్పుడు వెనకనుంచి నీ గొంతు వినపడింది: "నేను వెనక కూచుంటాన్లే, దానికేమి." ఆయన ఫోన్ పెట్టేశాడు. నా యుద్ధం ఆయనతో కాదమ్మా, నీ "దానికేమి"తో.

మొన్న హానా అడిగింది, పెళ్ళికూతురిని ఇచ్చేది ఎవరని. ట్రాములో దారిపొడుగునా వాదనలు కూడబెట్టుకుని వెళ్ళాను. "మా అమ్మ" అన్నాను. "మంచిది. పూలు ఏ రంగు?" అంది. అంతే! నా వాదనలన్నీ మిగిలిపోయాయి.

జర్మనీ నుంచి రాబోయే పురోహితుడు మన కోలారు వైపాయనే. ఆయన్నీ అడిగాను. "ఊర్లో అయితే నేనూ ఒప్పుకోనమ్మా. ఆడ చూసేవాళ్ళు ఉండారు. ఈడ నన్ను ఎవరు చూస్తారు? పోయించు" అన్నాడు. అంత నిజం చెప్పిన మనిషి మీద కోపమెలా వస్తుంది? ఇంత దూరంలో పెళ్ళి పెట్టుకున్నది ఆ మాట కోసమే.

వచ్చేటప్పుడు రాగిపిండి, పసుపు కొమ్ములు తీసుకురా. బీరువా అడుగున దాచిన నీ ఆకుపచ్చ పట్టుచీర కూడా. అది నాకు కాదు, నువ్వు కట్టుకోవడానికి.

పెదనాయనకూ పెద్దమ్మకూ నా నమస్కారాలు చెప్పి, తప్పకుండా రమ్మను. నన్ను ఇంజనీరింగ్ చదివించినవాడు, ఆయన మీద నాకు కోపం లేదు. ముందు వరుసలో కుర్చీలు వేయిస్తాను. ధార దగ్గరికి మాత్రం రానివ్వను.

ఇంత దూరమొచ్చి కూడా నువ్వు వెనక కుర్చీ వెతుక్కుంటే, పూలజడతో సహా నేనూ వచ్చి నీ పక్కనే కూర్చుంటాను. ముందర మధూ పురోహితుడూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటారు. ముహూర్తం దాటితే దాటనీ. నువ్వు లేచినప్పుడే నేనూ లేస్తాను.

నీ దీవెన కోరుతూ, కోరడమేమిటి, పట్టుబడుతూ,
నీ మొండి కూతురు
లలిత