కుస్తీ గది

అన్నయ్యా,

పక్క గదిలోనే ఉన్నా నువ్వు మాట్లాడటం లేదని రాస్తున్నాను. ఆడపిల్లలకూ సమానంగా ఆటలుండాలని చట్టం వచ్చాక, కాలేజీవాళ్లు మీ కుస్తీ జట్టు తీసేసి ఆ గది మా అమ్మాయిల కుస్తీ జట్టుకిచ్చారు. మాకివ్వమంది గానీ, మీది లాక్కోమని చట్టం చెప్పలేదు కదా! ప్రిన్సిపాల్‌గారితో ఆ మాటే అంటే, "నీకెందుకమ్మా, నీకు దక్కిందిగా" అన్నారు.

నిన్న కోచ్ మేడమ్ "ఈ పట్లు ఎవరు నేర్పారు?" అని అడిగారు. "ఎవరూ నేర్పలేదండీ, మా అన్నయ్య ప్రాక్టీసుకి రోజూ నన్నే పడేసేవాడు" అన్నాను. అందరూ నవ్వారు. నేను మాత్రం అప్పట్నుంచీ కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను.

ఎల్లుండే నా మొదటి పోటీ. హాల్లో పరుపు పరిచాను. ఆ కోపంతోనే రా, వచ్చి పడెయ్యి. ఈసారి ఊరికే పడను.

నీ చెల్లి