కమలాపండు మీద ఈగ

అబ్బాయి చిన్నారావుకి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. కోడలు మీనాక్షి బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నదా? అమ్మాయి ఉషారాణికి ఆయాసం ఎలా ఉన్నది? చిన్నారావు కూతురు జ్యోతిర్మయి హాస్టల్లో వేళకు తింటున్నదో లేదో, అదే నా బెంగ. నా మటుకు నేను కులాసా. బిలాస్‌పూర్ కుదుదండ్‌లో ఉంటున్న, లోకో షెడ్ ఫిట్టర్ కీర్తిశేషులు అప్పలస్వామి గారి భార్య అసిరమ్మ అనే నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోవద్దు.

1. ఇల్లు చిన్నారావుకి, ఉషారాణికి చెరిసగం. వంటగది ఎవరి వాటాలోకి వచ్చినా గొడవ పడొద్దు. వానకు అక్కడ కారుతుంది. ముందే చెప్పలేదని తర్వాత నన్ను ఆడిపోసుకుంటారేమోనని రాస్తున్నాను.

2. పక్కింటి అప్పలనర్సమ్మ పట్టుకెళ్ళిన ఇత్తడి జల్లెడ ఆవిడకే. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఇకనైనా నిమ్మళంగా జల్లించుకోమనండి.

3. జ్యోతిర్మయి వేసిన బొమ్మ సంగతి. ఎలా రాయాలో తెలియడం లేదు. పిల్లకి తెలుగు చదవడం రాదు గనుక చిన్నారావే చదివి వినిపించాలి. ఒక్క ముక్క వదలకూడదు.

పూర్వం దొరల దేశంలో బల్ల మీద పళ్ళూ గిన్నెలూ పెట్టి బొమ్మలు వేసేవారట. కాలేజీలో అది నేర్చుకుని, పిల్ల నా వంటింటి బల్లనే వేసింది. కొండెక్కిన దీపం, పక్కకి ఒరిగిన గ్లాసు, సగం వలిచిన కమలాపండు, దాని మీద ఈగ. దసరాకి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో అందరూ చూసేలా పెట్టారు. అప్పలనర్సమ్మ చూసి, "ఏటి వదినా, మీ ఇంట్లో దీపం ఎలిగించరా? ఈగల్ని పెంచుతున్నారా ఏటి?" అన్నది. నలుగురూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

బొమ్మ ఇంటికి వచ్చాక ఆ ఈగ ఒక్కదాన్నీ తీసేద్దామనుకున్నాను. ఆయన షెడ్ నుంచి వచ్చి చేతుల జిడ్డు కిరసనాయిలుతోనే వదిలించుకునేవారు గదా అని, దాంతోనే గుడ్డ తడిపి రుద్దాను. ఈగ పోయింది. పండూ పోయింది.

పిల్ల చూసి కేకలేసినా బాగుండేది. "ఛోడో మామ్మా, వదిలెయ్. తాతయ్య కోసమే వేసినాను. పండు సగం వలిచి నీ చేతిలో పెట్టి డ్యూటీకెళ్ళాడు, మళ్ళీ రాలేదని నువ్వే చెప్పినావు కదా. ఆ దీపం తాతయ్యే. ఈగ వాలిందంటే పండు ఇంక అట్టేసేపు ఉండదని," అన్నది. రంగుల డబ్బా ఇక్కడే వదిలేసి హాస్టల్‌కి వెళ్ళిపోయింది. దీపావళికీ రాలేదు.

ఇరుగుపొరుగు నోటికి జడిసి, ఆయన వలిచిన పండుని నా చేత్తోనే తుడిచేశాను. పిల్ల మొహం ఎలా చూడను?

4. ఆ బొమ్మా, ఆ బల్లా జ్యోతిర్మయికే. పాడైన చోట మళ్ళీ వేస్తుందో, అలాగే ఉంచుతుందో పిల్ల ఇష్టం. వేస్తే మాత్రం ఈగ లేకుండా వద్దు.

5. ఇది నేను పోయాక చదవాల్సిన కాగితమని సాక్షి సంతకానికి వచ్చిన జగన్నాథం గారు అంటున్నారు. అందాకా ఆగలేను. ఫిబ్రవరి పదహారు ఆదివారం పిల్లని వెంటబెట్టుకు వస్తానని చిన్నారావు కబురు చేశాడు. ఆ రోజే చదవాలి. నేను పక్కగదిలో ఉంటాను.

బిలాస్‌పూర్, 3 ఫిబ్రవరి 1992
(సంతకం) అసిరమ్మ
సాక్షులు: జగన్నాథం, బంగార్రాజు