కొత్తపేటలో స్లొవేకియా

డిసెంబర్ 10, 2009

రాత్రి ఢిల్లీ నుంచి తెలంగాణ ప్రకటన వచ్చింది. పొద్దున్నించీ మా హైదరాబాద్ కొత్తపేటంతా పటాకులు. నాన్న తన లారీకి బంతిపూల దండ వేశాడు. మేడమీద తలుపులు మాత్రం తీయలేదు. అక్కడుండేది మా కిరాయిదార్లు, తెనాలి నుంచి వచ్చిన వెంకటేశ్వరరావు గారి కుటుంబం. వాళ్ల మృదుల నా క్లాస్‌మేట్, ప్రాణం, ఇప్పుడు క్విజ్ పార్ట్‌నర్ కూడా. కాలేజీ స్పోర్ట్స్ క్విజ్‌కి చీటీ తీస్తే మాకొచ్చిన టాపిక్: స్లొవేకియా ఫుట్‌బాల్ టీమ్ చరిత్ర. తీసింది నా చెయ్యే. ఖర్మ.

డిసెంబర్ 14

నెట్ సెంటర్‌లో గంట కూర్చున్నాం. స్లొవేకియా ఒకప్పుడు చెకోస్లోవేకియాలో భాగం. 1993లో విడిపోయింది. వచ్చే జూన్‌లో మొదటిసారి వరల్డ్‌కప్ ఆడుతోంది. కలిసున్నప్పుడు 1976లో యూరప్ కప్పు గెలిచారు. ఫైనల్లో దిగిన పదకొండు మందిలో ఎనిమిది మంది స్లొవాక్‌లే, కాబట్టి కప్పు మాది అన్నాను. మాది! చివరి పెనాల్టీ కొట్టింది చెక్ అతను, మరి మాది కాదా అంది మృదుల. ఆ తర్వాత పోట్లాడింది కప్పు గురించి కాదు, హైదరాబాద్ గురించి. సెంటర్ అతను గొంతు తగ్గించమన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు రోడ్డుకి ఆ పక్కన ఆమె, ఈ పక్కన నేను.

డిసెంబర్ 24

తెలంగాణ మీద ఢిల్లీ మాట మార్చింది. మేడమీంచి పాయసం వచ్చింది. అందుకే పంచుతున్నారనుకుని గిన్నెను అలాగే వెనక్కి పంపాను. తీరా చూస్తే మృదుల వాళ్లమ్మ కుసుమకుమారి ఆంటీ పుట్టినరోజట.

జనవరి 9, 2010

రావు గారు దిగొచ్చి, పిల్ల పరీక్షలవగానే జూన్‌లో ఖాళీ చేస్తామండీ, రోజులు బాగాలేవు అన్నారు. ఎవలు పొమ్మన్నరు సార్, తెలంగాణ అడిగినం గని మిమ్మల్ని ఎల్లిపొమ్మన్లే గద అన్నాడు నాన్న. రావు గారు తలూపారు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. నాకు అన్నం సయించలేదు. మృదుల లేని మేడ నాకొద్దు.

జనవరి 17, సాయంత్రం 5

దొరికింది! 1993 జనవరి ఒకటిన దేశం రెండయింది. కానీ అప్పటికే వరల్డ్‌కప్ క్వాలిఫైయింగ్ మ్యాచ్‌లు సగంలో ఉన్నాయి. అందుకని రెండు దేశాలయ్యాక కూడా నవంబర్ దాకా ఒకే టీమ్‌గా ఆడారు.

మెట్లు రెండేసి ఎక్కి మృదులకి చెప్పాను. గెలిచారా అంది. లేదు, ఆఖరి మ్యాచ్ బెల్జియంతో సున్నా-సున్నా, అవుట్. మరేం లాభం అంది. ఎవరూ మధ్యలో దిగిపోలేదు కదే అన్నాను. పాయసానికి సారీ కూడా చెప్పాను. మృదుల తలుపేసుకుంది.

6.30

చెప్పులేసుకుని కిందికొచ్చింది. పదవే, నెట్ సెంటర్ కట్టేస్తారు అంది.

ఫిబ్రవరి 20

సెకండ్ ప్రైజ్! 1976 కప్పు ఎవరిదని అడగనే లేదు.

జూన్ 15

వరల్డ్‌కప్‌లో స్లొవేకియా మొదటి మ్యాచ్. ఆఖరి నిమిషాల్లో న్యూజిలాండ్ గోల్ కొట్టేసింది. 1-1. మేడమీద సామాను సర్దడానికి అట్టపెట్టెలు దిగాయి. ఇంకో ఏడాది డిగ్రీ ఉంది, నేను మధ్యలో దిగను అని మృదుల వాళ్ల నాన్నగారితో తెగేసి చెప్పిందట. పెట్టెలు మాత్రం అలాగే ఉన్నాయి. భయంగా ఉంది.

జూన్ 24

స్లొవేకియా 3, ఇటలీ 2.

మా హాల్లో నాన్న, రావు గారు ఒకేసారి లేచి అరిచారు. ఆ దేశం ఎక్కడుందో ఇద్దరికీ తెలీదు. వెళ్తూ వెళ్తూ రావు గారు గుమ్మంలో ఆగి, వానలు ముదరకముందే మేడమీద కప్పు లీకు బాగుచేయించండి మట్టయ్య గారూ అని నాన్నతో అన్నారు.