నీకు పంపాలనుకున్న నాట్ల పాట

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సొంతంగా పాటలు కట్టే ఆడవాళ్ళని ఎక్కడెక్కడో పట్టుకుని, "ఈవిడని వినవే" అంటూ నాకు పంపేదానివి. ఈసారి నేనే నీకొకరిని వెతికాను. నాగాయలంక దగ్గర నాట్లు వేసే మరియమ్మగారు. చేలో దిగగానే కాసిన్ని నీళ్ళు నోట్లో వేసుకుని రుచి చూస్తారు. ఆ తర్వాతే కొత్త పాట అందుకుంటారు.

పొద్దున నీకోసం ఫోన్లో రికార్డింగు పెట్టాను. ఆవిడ నీళ్ళు నోట్లో వేసుకుని ఉమ్మేశారు. మళ్ళీ రుచి చూశారు. వంత పాడేవాళ్ళంతా నారు కట్టలతో ఎదురుచూస్తున్నారు.

"నాట్లు ఆపండే. ఉప్పు కిందనించి ఎక్కేసింది," అన్నారు.

అక్కణ్ణించి సముద్రం కనిపించను కూడా కనిపించదు. నేనూ రుచి చూశాను. బందరు బీచిలో నువ్వు నన్ను ముంచినప్పుడు మింగిన నీళ్ళే.

రికార్డింగులో పాట లేదక్కా. ఒకదాని తర్వాత ఒకటి, నారు కట్టలు నీళ్ళలో జారవిడిచిన చప్పుడే ఉంది.